గోదావరి డెల్టా ఎండల్లో తేలికపాటి రెడ్ వైన్‌ను దాచడం, చల్లబరచడం, వడ్డించడం ఎలా?

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన పిల్లలు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో ఒక మంచి రెడ్ వైన్ సీసా పెట్టుకుని రావడం భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు ఇళ్లలో ఇప్పుడు మామూలైపోయింది. అయితే ఆ సీసాను ఎక్కడ పెట్టాలో, ఎంత చల్లగా తాగాలో, ఏ కూరతో వడ్డించాలో చెప్పేవారు లేక, అది నెలల తరబడి బీరువా మీద వేడికి మగ్గి, చివరికి ఏ పండుగ రోజునో గోరువెచ్చగా గ్లాసుల్లోకి చేరుతుంది. తాగినవారు ముఖం చిట్లించుకుని, రెడ్ వైన్ మన నోటికి నచ్చేది కాదని తీర్మానించేస్తారు. ఆ తీర్మానానికి రాకముందు తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది అన్ని రెడ్ వైన్‌ల గురించీ కాదు. చల్లని సముద్రతీరపు తోటల్లో పండిన ద్రాక్షతో చేసే, రంగు పలచగా, వగరు తక్కువగా, పులుపు చురుకుగా ఉండే తేలికపాటి రెడ్ గురించి మాత్రమే. మన వేడికీ మన వేపుళ్లకూ ఇగుళ్లకూ రెడ్ వైన్‌లన్నిటిలో ఇదే చక్కగా ఒదుగుతుందని నా గట్టి అభిప్రాయం. మద్యం అలవాటు లేనివారు దీనికోసం కొత్తగా అలవాటు చేసుకోవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రల వంటివి వాడుతున్నవారు దీని జోలికి పోకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం ఇవ్వడం చట్టవిరుద్ధం.

చల్లని తీరం అంటే ఏమిటి?

సముద్రతీరం అనగానే మనకు అంతర్వేది, ఓడలరేవు గుర్తుకు వస్తాయి గనుక చల్లని తీరం అన్న మాట కొంత వింతగా తోస్తుంది. బంగాళాఖాతంలో మన వైపు నీరు ఏడాదిలో ఎక్కువ కాలం 27 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది కాబట్టి ఆ నీటి మీదుగా వచ్చే గాలి తేమను తెస్తుందే తప్ప చలిని తీసుకురాదు. ఉత్తర కాలిఫోర్నియా తీరంలో పరిస్థితి వేరు. ఉత్తరం నుంచి దిగివచ్చే చల్లని ప్రవాహమూ, గాలుల తాకిడికి లోతుల నుంచి పైకి ఉబికివచ్చే నీరూ కలిసి అక్కడి సముద్రాన్ని వేసవిలో కూడా 10–14 డిగ్రీల దగ్గరే నిలిపి ఉంచుతాయి. ఆ చల్లని నీటి మీద పుట్టిన పొగమంచు సాయంత్రానికి కొండల మధ్య సందుల గుండా లోపలికి పాకి, మరునాడు పొద్దెక్కేదాకా తోటలను కప్పి ఉంచుతుంది. చిలీలోని కాసాబ్లాంకా, లేడా లోయలకు హంబోల్ట్ ప్రవాహమూ, దక్షిణాఫ్రికాలోని వాకర్ బే ప్రాంతానికి దక్షిణ సముద్రపు చల్లగాలులూ, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ దగ్గరి మార్నింగ్టన్ ద్వీపకల్పానికి బాస్ జలసంధి గాలులూ ఇదే మేలు చేస్తాయి.

రాత్రిళ్లు చలిగా ఉంటే ద్రాక్షలోని పులుపు త్వరగా హరించుకుపోదు. పగలు ఎండ మితంగా ఉంటే చక్కెర నిదానంగా పేరుకుంటుంది. అందువల్ల గుత్తి తీగ మీద ఎక్కువ రోజులు ఉండి, వాసనలు నింపుకుని కూడా, వైన్‌గా మారినప్పుడు ఆల్కహాలు 12.5 నుంచి 13.5 శాతం దగ్గరే ఆగుతుంది. ఈ తీరాలకు పేరు తెచ్చిన రకం పినో న్వార్. ఫ్రాన్స్‌లోని బుర్గుండి దీని పుట్టిల్లు. తొక్క పలచన కావడం వల్ల రంగూ వగరూ తక్కువగా దిగుతాయి. మన దేశంలో నాసిక్, నంది హిల్స్ ప్రాంతాల్లో మంచి రెడ్‌లు తయారవుతున్నాయి గాని, వాటిలో ఎక్కువ భాగం షిరాజ్, కాబర్నే వంటి బరువైన రకాలు. వాటికి ఈ పద్ధతులు కొంతవరకే వర్తిస్తాయి.

1. లేబుల్ చదివి ఎంచుకోండి

సీసా తెమ్మని పిల్లలకు చెప్పేటప్పుడు “ఏదో ఒక రెడ్” అని వదిలేయకండి. మూడు సంగతులు చూసుకోమని చెప్పండి: ద్రాక్ష రకం, ప్రాంతం, ఆల్కహాలు శాతం. కాలిఫోర్నియా సీసా మీద పినో న్వార్ అని రాయాలంటే కనీసం 75 శాతం ఆ రకమే ఉండాలి. సోనోమా కోస్ట్ వంటి గుర్తింపు పొందిన ప్రాంతం పేరు వేయాలంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సోనోమా కోస్ట్ అన్న గుర్తింపు కింద చాలా విశాలమైన నేల వస్తుంది. అందులో సముద్రానికి బాగా దూరంగా, వెచ్చగా ఉండే చోట్లు కూడా ఉన్నాయి. నిజంగా తీరాన్ని ఆనుకుని ఉన్న కొండల తోటలకు 2022లో వెస్ట్ సోనోమా కోస్ట్ అనే ప్రత్యేక గుర్తింపు లభించింది. అంతకు పదేళ్ల ముందే ఫోర్ట్ రాస్–సీవ్యూ ప్రాంతానికి వేరే గుర్తింపు వచ్చింది. డబ్బు వెచ్చించేటప్పుడు ఈ రెండు పేర్లలో ఒకటి ఉన్న సీసాను కోరడం మేలు.

ఆల్కహాలు 14.5 శాతం అని కనిపిస్తే, ఊరి పేరు ఎంత చల్లగా ఉన్నా, ఆ వైన్ మనకు కావలసిన తేలికపాటిది కాదు. పంట సంవత్సరం విషయంలో ఎక్కువ ఆలోచన అక్కరలేదు. రెండు నుంచి ఆరేళ్ల నాటిది అయితే చాలు.

విదేశాల నుంచి వచ్చే వయోజనుడు ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు మద్యాన్ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఇక్కడే దుకాణంలో కొంటున్నట్లయితే, అద్దాల అరలో దీపాల కింద నిలబెట్టి ఉంచిన సీసాను తీసుకోకండి. లోపలి పెట్టెలోది ఇమ్మని అడగండి. సీసా మెడ దగ్గర జిగట చార ఉన్నా, బిరడా మూతిని దాటి పైకి ఉబికి ఉన్నా, అది ఎక్కడో వేడికి ఉడికిపోయిందని అర్థం. యానాం మన డెల్టాలోనే ఉన్నా పుదుచ్చేరి పాలన కిందిది; అక్కడ కొన్న సీసాను సరిహద్దు దాటించేముందు మన రాష్ట్రపు ఎక్సైజు నిబంధనలు తప్పక తెలుసుకోండి.

2. వేడి తగలకుండా ఇంటికి చేర్చి, ఫ్రిజ్‌లో దాచండి

విమానంలో వైన్‌కు ఏమీ కాదు. పాడయ్యేది విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలోనే. ఏప్రిల్, మే నెలల్లో గన్నవరంలోనో మధురపూడిలోనో దిగి, పెట్టెను కారు డిక్కీలో వేసి, దారిలో భోజనానికి ఆగి, కారును ఎండలో నిలిపితే డిక్కీ లోపలి వేడి 50 డిగ్రీలకు చేరగలదు. అందుచేత సీసాను పెట్టెలోంచి తీసి, తడి తువ్వాలు చుట్టి, ఏసీ ఉన్న ముందు భాగంలో కాళ్ల దగ్గర పెట్టుకోండి.

ఇంట్లో దాచడానికి ఆదర్శమైన ఉష్ణోగ్రత 12–14 డిగ్రీలు. మన ఇళ్లలో అంత చల్లని చోటు ఫ్రిజ్‌కు బయట ఎక్కడా లేదు. పాత పెంకుటిళ్లలోని చీకటి గది కూడా వేసవిలో 30 దాటుతుంది. అలాంటి గదిలో కొన్ని వారాలు ఉంటే చాలు, తేలికపాటి వైన్‌లోని పండు వాసన చచ్చిపోవడం మొదలవుతుంది. రాత్రి మాత్రమే ఏసీ వేసే పడకగది ఇంకా చెడ్డది. రోజూ చల్లబడి, రోజూ వేడెక్కే సీసాలో వైన్ వ్యాకోచించి, సంకోచించి, బిరడా పక్కనుంచి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి వచ్చిన రోజే సీసాను ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో పడుకోబెట్టండి. పడుకోబెడితే బిరడా లోపలివైపు తడిగా ఉండి ఎండిపోదు. మర మూత ఉన్న సీసా అయితే నిలబెట్టినా ఫరవాలేదు. ఇంగువ, ఎండుచేపలు, కోసిన ఉల్లిపాయలు ఆ అరలో ఉంచకండి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవకుండా ఉంటే ఒకటి రెండు గంటల కోతకు సీసాకు ఏ నష్టమూ ఉండదు.

ఇలా ఐదారు నెలలు నిశ్చింతగా ఉంచవచ్చు. అంతకు మించి దాచాలన్న కోరిక ఉంటే మానుకోండి. పాతబడిన కొద్దీ బాగుపడే వైన్‌లు ఉన్నమాట నిజమే గాని, వాటికి కావలసిన నేలమాళిగ మనకు లేదు.

3. పధ్నాలుగు డిగ్రీలకు తీసుకురండి

ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశాల పాతకాలపు రాతి గదుల నుంచి వచ్చింది. ఆ గది 16–18 డిగ్రీలు ఉంటే, మన వరండా 32. ఆ వేడిలో వైన్ పోస్తే ముందుగా ఆల్కహాలు ఘాటు ముక్కుకు తగులుతుంది. పండు వాసన దాని వెనక అణిగిపోతుంది. పులుపు నీరసించి, వైన్ చప్పగా, చిక్కగా తోస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే 4 డిగ్రీల దగ్గర పోస్తే దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది: వాసన ముడుచుకుపోయి, ఉన్న కొద్దిపాటి వగరు కూడా గరుకుగా నాలుకను పట్టుకుంటుంది. తేలికపాటి రెడ్ 13 నుంచి 15 డిగ్రీల మధ్య మాత్రమే తన రుచిని పూర్తిగా చూపుతుంది.

ఫ్రిజ్‌లో దాచిన సీసా అయితే వడ్డనకు అరగంట నుంచి ముప్పావుగంట ముందు బయటపెట్టండి. బయటి వేడిలోనే ఉన్న సీసా అయితే ఫ్రిజ్‌లో సుమారు రెండున్నర గంటలు పడుతుంది. అంత వ్యవధి లేకపోతే లోతైన స్టీలు బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి, సీసాను మెడ దాకా ముంచి ఇరవై నిమిషాలు ఉంచండి. వట్టి ఐసుముక్కల్లో గుచ్చి పెడితే మధ్యలో గాలి మిగిలిపోయి చల్లదనం సరిగా అందదు, నీళ్లు తప్పనిసరి. గుప్పెడు కళ్లుప్పు వేస్తే ఇంకా త్వరగా చల్లబడుతుంది గాని, అప్పుడు పది పన్నెండు నిమిషాలకే తీసి చూడాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టే ఆలోచన వద్దు. మాటల్లో పడి మరిచిపోతే వైన్ గడ్డకట్టి బిరడాను తోసేస్తుంది, ఒక్కోసారి సీసా పగులుతుంది.

జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. అది 32 డిగ్రీల నుంచే మొదలవుతుంది. వంటింటి థర్మామీటరు లేనివారు, రొయ్యల చెరువు నీటిని చూడడానికి అమ్మే థర్మామీటరు కొత్తది ఒకటి కొని, కడిగి దీనికోసమే ఉంచుకోవచ్చు. మొదట పోసిన రెండు గుక్కల వైన్‌లో దాన్ని ముంచి చూస్తే సరిపోతుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చల్లని సీసాకు క్షణాల్లో చెమట పడుతుంది, చేతిలోంచి జారుతుంది. పొడి తుండుగుడ్డ ఒకటి సీసా మెడకు చుట్టి ఉంచుకోండి.

గ్లాసులో ఐసు మాత్రం వేయకండి. పులుపూ వాసనా ఎంతో సున్నితంగా తూగి ఉన్న వైన్‌లో నీళ్లు కలిస్తే మిగిలేది ఎర్రనీళ్లే.

4. బిరడా తీయండి

మర మూత ఉంటే తిప్పి తీయడమే. అది చౌకరకానికి గుర్తు కాదు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మంచి మంచి వైన్‌లకు దాన్నే వాడుతున్నారు. బిరడా ఉంటే, మూతి అంచుకు కొద్దిగా దిగువన రేకు తొడుగును చాకుతో చుట్టూ కోసి తీసేయండి. మెడను తడిగుడ్డతో తుడిచి, మరమేకును (కార్క్‌స్క్రూను) సరిగ్గా నడిమధ్యన గుచ్చి, ఒక చుట్టు మిగిలేలా తిప్పి, నిలువుగా పైకి లాగండి. మరమేకు లేదని స్క్రూడ్రైవరుతో బిరడాను లోపలికి తోయడం, అట్లకాడతో పెకలించడం వంటివి ప్రమాదకరం. మెడ పగిలితే ఆ వైన్‌లో గాజు పొడి ఉంటుంది, దాన్ని పారబోయక తప్పదు. బిరడా ముక్కలు పడితే టీ వడపోసే శుభ్రమైన జాలీతో వడకట్టుకోవచ్చు.

5. గాజు గ్లాసులో కొద్దికొద్దిగా పోయండి

స్టీలు గ్లాసు వద్దు. దానిలో రంగు కనిపించదు. తిన్నని గోడల వల్ల వాసన కూడా నిలవదు. అడుగు వెడల్పుగా, మూతి కొంచెం దగ్గరగా, కింద కాడ ఉన్న గాజు గ్లాసు కావాలి. అది చాలాకాలంగా అల్మారాలో ఉండి ఉంటే చెక్క వాసనో, కలరా ఉండల వాసనో పట్టి ఉంటుంది. సబ్బు లేకుండా వేడినీళ్లతో కడిగి, ఉతికిన నూలుగుడ్డతో ఆరబెట్టి, ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడండి. ఏ వాసనా లేకుంటేనే వైన్ పోయండి. పట్టుకునేటప్పుడు కాడను పట్టుకోవాలి. గిన్నె భాగాన్ని అరచేతిలో పట్టుకుంటే చల్లదనమంతా చేతికే పోతుంది.

ఒకసారికి 70–80 మిల్లీలీటర్లకు మించి పోయకండి. ఫ్యాను కింద కూర్చున్నా మన గదుల్లో వైన్ నిమిషాల మీద వేడెక్కుతుంది గనుక తక్కువ పోసి, సీసాను చల్లని నీళ్ల బకెట్‌లోకి తిరిగి చేర్చి, మళ్లీ పోసుకోవడమే మంచి పద్ధతి. మితం గురించి ఒక లెక్క చెప్పాలి. 13 శాతం ఆల్కహాలు ఉన్న వైన్ 125 మిల్లీలీటర్లలో దాదాపు 13 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఒక సీసా అలాంటి ఆరు గ్లాసులు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే నేరం. రెండు గ్లాసులకే చాలామంది ఆ గీత దాటుతారు. తాగిన రాత్రి గట్టు మీది రోడ్డులో బండి తీయవద్దు.

6. చూసి, వాసన పట్టి, తర్వాత గుక్క వేయండి

గ్లాసును తెల్లని కాగితం మీదికి వంచండి. దినపత్రిక అయితే ఇంకా మంచిది. మంచి తేలికపాటి పినో న్వార్ పలచటి కెంపు రంగులో ఉండి, దాని గుండా పత్రికలోని అక్షరాలు చదవగలిగేంత పారదర్శకంగా ఉంటుంది. ఇది నీళ్లు కలిపినందువల్లనో, నాసిరకం కావడం వల్లనో కాదు. తొక్క పలచనైన ద్రాక్ష ఇవ్వగలిగిన రంగు అంతే. అంచు దగ్గర ఇటుక రంగు తిరిగి, మధ్యలో కూడా గోధుమ ఛాయ వచ్చి ఉంటే అది పాతదైనా అయి ఉండాలి, వేడికైనా లోనై ఉండాలి.

తర్వాత గ్లాసును బల్ల మీదే ఉంచి, కాడ పట్టుకుని మూడు నాలుగు సార్లు గుండ్రంగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకోండి. మొదట చెర్రీ, స్ట్రాబెర్రీ పండ్ల వాసన వస్తుంది. దాని వెంబడి కడియం తోటల్లో పొద్దున కోసే గులాబీల వాసన, వాక్కాయలో ఉండే పుల్లని ఎర్రపండు చురుకు, కొంచెంసేపు ఆగితే తడిమట్టి, పుట్టగొడుగుల వాసన కూడా పట్టుకోవచ్చు. చెక్కపీపాల్లో కొన్నాళ్లు ఉంచినదైతే లవంగం, దాల్చినచెక్క తగులుతాయి. ఇవన్నీ ఒక్కసారిగా దొరకలేదని దిగులుపడకండి. మసాలాల వాసనలను విడదీసి పసిగట్టే ముక్కు మనకు వంటింట్లోనే అలవడి ఉంది. దానికి కాస్త వ్యవధి ఇస్తే చాలు.

చెడిన వైన్‌ను కూడా ముక్కే చెబుతుంది. తడిసి ముక్కిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా నుంచి పట్టిన దోషం. అది ఎంతసేపు ఉంచినా పోదు. ఉడికిన జామ్, కిస్‌మిస్ వాసన తప్ప తాజా పండు లేకపోతే వేడికి పాడైంది. వెనిగర్ వాసన ఘాటుగా వస్తే పులిసింది. మర మూత సీసాలో ఒక్కోసారి కాలిన అగ్గిపుల్ల వాసన వస్తుంది గాని, దానికి కంగారు అక్కరలేదు. గ్లాసులో పది నిమిషాలు తిప్పుతుంటే అది వదిలిపోతుంది.

ఇప్పుడు చిన్న గుక్క తీసుకుని, మింగకుండా నోరంతా తిప్పండి. నాలుక పక్కల నీరూరితే అది పులుపు. చిగుళ్ల మీద పచ్చి అరటికాయ కొరికినప్పటి పట్టు ఉంటే అది వగరు. ఈ వైన్‌లో మొదటిది స్పష్టంగా, రెండోది సన్నగా ఉండాలి. మింగిన తర్వాత పండు వాసన గొంతులో కొంతసేపు నిలిస్తే మంచి వైన్ మీ చేతికి వచ్చినట్టే.

7. వేపుడుతో, ఇగురుతో వడ్డించండి; పులుసు రాకముందే ముగించండి

మన భోజనంలో పదార్థాలు వచ్చే వరుసే ఇక్కడ దారి చూపుతుంది. వేపుళ్లు, ఇగుళ్లు వైన్‌తో కలుస్తాయి. పులుసు, పచ్చడి, పెరుగు కలవవు. చింతపండు పులుపు వైన్ పులుపును మించిపోయి దాన్ని నీళ్లలా చేస్తుంది. కారం ఎక్కువైతే ఆల్కహాలు ఆ మంటను ఇంకా రగిలిస్తుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఎంత ప్రియమైనదైనా, ఆవఘాటు ముక్కుకెక్కిన తర్వాత గులాబీ వాసన ఎక్కడ తెలుస్తుంది? ఆవకాయ, గోంగూర సంగతి చెప్పనక్కరలేదు.

చేపలతో రెడ్ వైన్ పనికిరాదన్న మాటలో కొంత నిజం, కొంత అతిశయోక్తి ఉన్నాయి. వైన్‌లోని ఇనుము చేప నూనెలతో కలిసినప్పుడు నీచువాసన నోట్లో మిగులుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఇనుము ఎక్కువున్న వైన్‌తో, నూనె ఎక్కువున్న చేపతో ఆ బాధ ఎక్కువ. కాబట్టి నూనె తక్కువగా, కండ గట్టిగా ఉండే పండుగప్ప, కొరమేను ముక్కలను ఉప్పు, పసుపు, మిరియాలు, కొద్దిగా నిమ్మరసం పట్టించి పెనం మీద ఎర్రగా వేయిస్తే ఈ వైన్ నిరభ్యంతరంగా కలుస్తుంది. రొయ్యలను కొబ్బరిపాలతో ఇగిర్చినా బాగుంటుంది. కొబ్బరి తీపి కారాన్ని అణచి వైన్‌కు చోటిస్తుంది. పులసను మాత్రం దీనితో కలపకండి. వరదనీటికి ఎదురెక్కి వచ్చే ఆ చేపకు నూనె ఎక్కువ, పులుసులో చింతపండూ కారమూ నిండుగా పడతాయి, ముళ్లు ఏరుకునే శ్రద్ధ కూడా కావాలి. అంత ఖరీదైన రెండు వస్తువులు ఒకదాన్నొకటి చెడగొట్టుకోవడం చూడలేం. పులసకు వేడివేడి అన్నమే తోడు.

నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప జోడీ బాతు. పినో న్వార్‌కూ బాతు మాంసానికీ పొత్తు ప్రపంచమంతా ఎరిగినదే; మన చేలల్లో కోతల తర్వాత బాతుల మందలు తిరగడం కూడా మనకు కొత్త కాదు. కిలో మాంసానికి కారం ఒక చెంచాకు తగ్గించి, ఆ లోటును రెండు చెంచాల మిరియాల పొడితో పూడ్చండి. చర్మం ఉన్న ముక్కలను ముందుగా నూనె లేకుండా, చర్మం కిందికి ఉండేలా మందపాటి మూకుడులో సన్నసెగ మీద పెడితే కొవ్వు కరిగి, చర్మం బంగారు రంగుకు తిరుగుతుంది. ముక్కలను తీసి పక్కన పెట్టి, ఆ కొవ్వులోంచి రెండు గరిటెలు మాత్రమే ఉంచి, మిగిలింది వంపేసి, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, సన్నగా తరిగిన మూడు ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి వేయించి, ముక్కలు, కారం, మిరియాల పొడి, ఉప్పు వేసి, నీళ్లు పోసి మూత పెట్టండి. బాతు మాంసం గట్టిది; గంట నుంచి గంటన్నర ఉడకాలి. చింతపండు, టమాటా వేయవద్దు. చివర చిన్న గిన్నెడు చిక్కని కొబ్బరిపాలు పోసి, ముక్కకు పట్టేదాకా ఇగిర్చి దించండి. కొవ్వు నిండిన ఆ ముక్క తర్వాత ఒక గుక్క వైన్ తాగితే నోరు శుభ్రపడి, మళ్లీ తినాలనిపిస్తుంది. వైన్‌లోని పండు కూడా అప్పుడే బయటపడుతుంది.

శాకాహారులకు కంద వేపుడు మొదటి ఎంపిక. కందలోని మట్టి రుచి ఈ వైన్‌లోని తడిమట్టి వాసనను పలకరిస్తుంది. మిరియాలు, నెయ్యి వేసి వేయించిన పుట్టగొడుగులు, కారం తగ్గించి నువ్వులు, వేరుశనగ కూరిన గుత్తివంకాయ కూడా బాగుంటాయి. చివర్లో ఆత్రేయపురం పూతరేకులు పెట్టే ఉద్దేశం ఉంటే అప్పటికి గ్లాసులు తీసేయండి. తీపి తిన్న నోటికి వైన్ పుల్లగా, చేదుగా తోస్తుంది.

8. మిగిలిన వైన్‌ను ఏం చేయాలి?

సీసా మొత్తం ఒకే పూట ముగించాలన్న నియమం లేదు. సగమే కావాలనుకుంటే, తెరిచిన వెంటనే మిగతా సగాన్ని వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన చిన్న గాజుసీసాలోకి మూతి దాకా నింపి, గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. లోపల గాలి లేకపోతే నాలుగైదు రోజులు నిలుస్తుంది. అదే పెద్ద సీసాలో సగం గాలితో ఉంచితే రెండో రోజుకే వాసన తగ్గుతుంది, మూడో రోజుకు పులుపెక్కుతుంది. అలా మిగిలిన వైన్, వెనిగర్ వాసన రానంత వరకు, బాతు ఇగురులో పనికివస్తుంది. ఉల్లిపాయలు వేగిన తర్వాత నీళ్లకు బదులు చిన్న గ్లాసెడు పోసి, ఘాటు పోయేదాకా మూత లేకుండా మరిగించి, అప్పుడు మాంసం వేయండి. పుల్లని వైన్‌కు అల్యూమినియం పాత్ర పడదు గనుక స్టీలుదో మట్టిదో వాడండి. మరిగించినా ఆల్కహాలు పూర్తిగా పోదు కాబట్టి ఆ కూరను పిల్లలకు పెట్టకండి.